తేలని లెక్కే అసలు వారసత్వం

ఎస్సే పేపర్ ప్రాక్టీస్ చేసే మనందరి దగ్గరా ఒక రెడీమేడ్ పేరా ఉంటుంది. టాపిక్‌లో సైన్స్ అనే మాట కనిపిస్తే చాలు, న్యూటన్ మహామహుల భుజాల మీద నిలబడి దూరం చూశాడని మొదలుపెడతాం. తర్వాత కోపర్నికస్, గెలీలియో, కెప్లర్, న్యూటన్, ఐన్‌స్టీన్ అని పేర్లు వరసగా పేర్చి, విజ్ఞానం ఒక నిరంతర ప్రవాహం అని ముగించేస్తాం. పేపర్ దిద్దేవారు ఆ రోజు ఆ పేరాను ఎన్నిసార్లు చదివి ఉంటారో మీరే ఊహించుకోండి.

ఆ పేరాలో తప్పేమీ లేదు. కానీ అది ఏమీ చెప్పదు. భుజాల మీద నిలబడటమంటే అసలు చేసే పని ఏమిటి? ముందువాళ్ల దగ్గర ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు? అన్నీ తీసుకుంటే కొత్తది రాదు. అన్నీ వదిలేస్తే మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఈ ప్రశ్నకు జవాబు లేకుండా రాసిన పేరా పేర్ల జాబితాగానే మిగులుతుంది.

నా అభిప్రాయం ఇది. గొప్ప భౌతిక శాస్త్రవేత్తలకు ముందుతరం నుంచి అందిన అసలైన ఆస్తి, ఆ తరం దగ్గర తేలకుండా మిగిలిపోయిన లెక్క. జవాబుల కంటే ఆ మిగులే విలువైనది. అయితే అది ఊరికే చేతికి రాదు. ఒకరు దాన్ని నిజాయితీగా రాసిపెట్టాలి, మరొకరి దాకా అది చేరాలి. ఈ రెండూ మనిషి ప్రతిభ మీద ఎంత ఆధారపడతాయో, వ్యవస్థ మీద కూడా అంతే ఆధారపడతాయి. అందుకే ఇది జీఎస్ పేపర్-3కు కూడా పనికొచ్చే చర్చ.

ఎనిమిది నిమిషాల తేడా

టైకో బ్రాహీ టెలిస్కోప్ రాకముందు మనిషి. ఉత్త కంటితో, పెద్ద పెద్ద లోహపు పరికరాలతో దశాబ్దాల పాటు గ్రహాల స్థానాలు కొలిచి రాసుకున్నాడు. ఆయన నమ్మిన విశ్వం మాత్రం మనకు ఈరోజు వింతగా ఉంటుంది. భూమి కదలదు, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడు, మిగతా గ్రహాలు సూర్యుడి చుట్టూ తిరుగుతాయి. ఇదీ ఆయన సిద్ధాంతం.

1600లో యోహాన్నెస్ కెప్లర్ ప్రాగ్ దగ్గర ఆయన వద్ద పనికి చేరాడు. మరుసటి ఏడాదే టైకో చనిపోయాడు. కెప్లర్ ఆయన సిద్ధాంతాన్ని పక్కన పెట్టి ఆయన అంకెలను తీసుకున్నాడు. కుజుడి కక్ష్యను పాత పద్ధతిలో, వృత్తంతోనే, ఏళ్ల తరబడి సరిపెట్టే ప్రయత్నం చేశాడు. ఒక దశలో లెక్క చాలావరకు కుదిరింది. కానీ కొన్ని చోట్ల 8 ఆర్క్ నిమిషాల తేడా మిగిలింది. ఒక డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం. పున్నమి చంద్రుడి వెడల్పు సుమారు 30 నిమిషాలు. అంటే తేడా చంద్రబింబంలో పావు వంతు.

అంతకు ముందు తరం పరిశీలనల్లో పది నిమిషాల తప్పు మామూలే. వాటినే నమ్ముకుని ఉంటే కెప్లర్ ఆ తేడాను తుడిచేసి వృత్తంతోనే సంతృప్తి పడేవాడు. టైకో కొలతల్లో అంత తప్పు ఉండదని తెలుసు కాబట్టే తుడవలేకపోయాడు. ఆ మిగులును పట్టుకుని వెళ్లినవాడు చివరికి దీర్ఘవృత్తం దగ్గర తేలాడు. 1609లో అచ్చయిన 'ఆస్ట్రోనోమియా నోవా'లో మొదటి రెండు గ్రహ నియమాలు ఉన్నాయి. రెండు వేల ఏళ్లుగా ఖగోళాన్ని ఏలిన వృత్తం ఆ 8 నిమిషాల దగ్గర ఓడిపోయింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. టైకో సిద్ధాంతం తప్పు అయినా టైకో లెక్కల పుస్తకం తప్పు కాదు. తన నమ్మకానికి అనుకూలంగా అంకెలు దిద్దుకుని ఉంటే కెప్లర్‌కు ఏమీ మిగిలేది కాదు. మరో విషయం, ఆ రికార్డుల మీద టైకో వారసులకూ కెప్లర్‌కూ తగాదా నడిచింది, పుస్తకం అచ్చు కావడం ఆలస్యమైంది. డేటా ఎవరిది అనే గొడవ మన కాలంలో పుట్టింది కాదు.

న్యూటన్ ఏం తీసుకున్నాడు

కెప్లర్‌కు గ్రహాలు ఎలా తిరుగుతాయో తెలిసింది, ఎందుకు తిరుగుతాయో తెలియలేదు. సూర్యుడి నుంచి అయస్కాంతం లాంటి ఒక శక్తి గ్రహాలను తోస్తూ తిప్పుతుందని అనుకున్నాడు. న్యూటన్ ఆ వివరణను తీసుకోలేదు. కెప్లర్ నియమాలను తీసుకున్నాడు, వాటి వెనక మిగిలిన 'ఎందుకు' అనే ప్రశ్నను తీసుకున్నాడు.

ఆ ప్రశ్న న్యూటన్ ఒక్కడి బుర్రలోనే లేదు. 1684లో లండన్‌లో రాబర్ట్ హుక్, క్రిస్టఫర్ రెన్, ఎడ్మండ్ హ్యాలీ ముగ్గురూ ఇదే మాట్లాడుకున్నారు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుందేమోనని ముగ్గురికీ అనుమానం. రుజువు ఎవరి దగ్గరా లేదు. హ్యాలీ కేంబ్రిడ్జ్ వెళ్లి న్యూటన్‌ను అడిగాడు. దాని ఫలితమే 1687లో వచ్చిన 'ప్రిన్సిపియా'. దాని అచ్చు ఖర్చు కూడా హ్యాలీయే భరించాడు.

కాబట్టి 'చెట్టు కింద ఒంటరి మేధావి' కథ సగమే నిజం. సమస్య పండి సిద్ధంగా ఉంది. కోయగల గణితం మాత్రం న్యూటన్ దగ్గరే ఉంది. వారసత్వం గొప్పదా, ప్రతిభ గొప్పదా అని ఎస్సేలో కుస్తీ పెట్టాల్సిన పని లేదు. ఒకటి లేకుండా రెండోది పనిచేయదు.

మనం ఇష్టంగా వాడే ఆ భుజాల పోలిక కూడా న్యూటన్ సొంతం కాదు. 12వ శతాబ్దపు ఫ్రెంచ్ పండితుడు బెర్నార్డ్ ఆఫ్ షార్ట్ర్ పేరు మీద అది అప్పటికే చలామణిలో ఉంది. న్యూటన్ దాన్ని 1676లో ఒక ఉత్తరంలో వాడాడు. ఆ ఉత్తరం ఎవరికో తెలుసా? హుక్‌కు. పదేళ్ల తర్వాత విలోమ వర్గ నియమంలో తనకూ వాటా ఉందని అదే హుక్ అంటే, న్యూటన్ కోపంతో తన పుస్తకం చిత్తుప్రతిలో హుక్ ప్రస్తావనలు చాలావరకు కొట్టేశాడు. ముందువాళ్ల మీద నిర్మించడం వేరు, వాళ్లకు పేరు ఇవ్వడం వేరు. మొదటిది చేసినవాళ్లంతా రెండోది చేయలేదు.

ఒకే మందు రెండోసారి పనిచేయలేదు

న్యూటన్ కూడా కొంత మిగిల్చాడు. అది బయటపడటానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది.

ముందు ఒక విజయం. యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం నడవడం లేదని తేలింది. ఫ్రెంచ్ ఖగోళవేత్త లెవెరియర్ న్యూటన్ నియమాన్ని అనుమానించలేదు. కనిపించని మరో గ్రహం దాన్ని లాగుతోందని లెక్కకట్టి, అది ఎక్కడ ఉండాలో చెప్పాడు. 1846లో బెర్లిన్‌లో గాలే టెలిస్కోప్ తిప్పి చూస్తే ఆ చోటికి చాలా దగ్గరలోనే నెప్ట్యూన్ ఉంది.

తర్వాత ఇదే లెవెరియర్ 1859లో బుధుడిలో ఇంకో తేడా పట్టుకున్నాడు. సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే బిందువు కొద్దికొద్దిగా జరుగుతోంది. మిగతా గ్రహాల ప్రభావమంతా లెక్కలోకి తీసుకున్నా కొంత మిగిలిపోతోంది. తర్వాత సవరించిన లెక్కల ప్రకారం ఆ మిగులు శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్లు. ఈ తేడా పున్నమి చంద్రుడి వెడల్పంత పేరుకోవాలంటే నాలుగు వేల ఏళ్లకు పైనే పడుతుంది. అంత చిన్నది.

లెవెరియర్ పాత మందే వేశాడు. బుధుడికీ సూర్యుడికీ మధ్య ఇంకో గ్రహం ఉండాలన్నాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. దశాబ్దాలు వెతికారు. దొరకలేదు, ఎందుకంటే లేదు. 1915 నవంబర్‌లో ఐన్‌స్టీన్ తన కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో లెక్కవేస్తే సరిగ్గా ఆ 43 సెకన్లు వచ్చాయి.

ఐన్‌స్టీన్ కూడా ఖాళీ చేతులతో రాలేదు. వక్రమైన స్థలాలను వర్ణించే జ్యామితిని 1854లోనే రీమాన్ ఊహించాడు. ఆ గణితం ఉందని ఐన్‌స్టీన్‌కు చూపించింది ఆయన క్లాస్‌మేట్ మార్సెల్ గ్రాస్‌మన్. పైగా కొత్త సిద్ధాంతం న్యూటన్‌ను చెత్తబుట్టలో పడేయలేదు. గురుత్వం బలహీనంగా, వేగాలు తక్కువగా ఉన్నచోట అది న్యూటన్ లెక్కగానే మారిపోతుంది. ఉపగ్రహాలకు దారి వేసేటప్పుడు ఇప్పటికీ ప్రధానంగా న్యూటన్ నియమాలే మూలం.

లెవెరియర్ తక్కువవాడేమీ కాదు. నెప్ట్యూన్ దగ్గర ఆయన చేసింది అద్భుతం. కానీ బుధుడి దగ్గర ముందుతరపు మిగులుకు ముందుతరపు జవాబునే మళ్లీ అతికించాడు. ఆయనా ఐన్‌స్టీనూ చూసింది ఒకే మిగులు, చదివింది వేరువేరుగా. అయితే లెవెరియర్ దాన్ని కొలిచి దాచిపెట్టకుండా అచ్చువేశాడు కాబట్టే ఐన్‌స్టీన్‌కు తన సిద్ధాంతాన్ని పరీక్షించుకునే రాయి దొరికింది.

ఢాకా క్లాస్‌రూమ్‌లో మిగిలిన చిక్కు

ఇదంతా యూరప్ కథ కదా అనుకోవద్దు. సత్యేంద్రనాథ్ బోస్ కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది.

1900లో మాక్స్ ప్లాంక్ వేడి వస్తువుల కాంతికి ఒక సూత్రం ఇచ్చాడు. ప్రయోగాలతో చక్కగా సరిపోయింది. కానీ దాన్ని రాబట్టిన విధానంలో ఒక అతుకు ఉంది. సగం కొత్త క్వాంటం ఆలోచన, సగం పాత తరంగ సిద్ధాంతం. రెండూ ఒకదానితో ఒకటి పొసగవు. సూత్రం సరైనదే కాబట్టి చాలామంది అతుకుతో సర్దుకుపోయారు. ఐన్‌స్టీన్‌కు కూడా ఆ అతుకు నచ్చలేదు, కానీ పూర్తిగా విప్పలేకపోయాడు.

1921లో ఢాకా విశ్వవిద్యాలయంలో చేరిన బోస్ దీన్ని విద్యార్థులకు పాఠంగా చెప్పాల్సి వచ్చింది. తనకే ఒప్పుదల కాని రుజువును బోర్డు మీద ఎలా రాయడం? 1924లో ఆయన తరంగ సిద్ధాంతాన్ని పూర్తిగా పక్కన పెట్టి, కాంతిని కణాల గుంపుగా మాత్రమే చూసి, ఆ కణాలను ఒకదాని నుంచి ఒకటి వేరు చేయలేనట్టుగా లెక్కించి, ప్లాంక్ సూత్రాన్ని రాబట్టాడు. ఆ ఏడాది జూన్ 4న వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కు పంపాడు. ఐన్‌స్టీన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడు. అదే లెక్క పద్ధతిని అణువులకు విస్తరించి, అతి శీతల స్థితిలో పదార్థం ఒక కొత్త రూపం తీసుకోవాలని ఊహించాడు. ఆ బోస్-ఐన్‌స్టీన్ కండెన్సేట్ అణువుల వాయువులో ప్రయోగశాలలో కనిపించింది 1995లో. డెబ్భై ఏళ్ల బాకీ అలా తీరింది.

బోస్ చేతికి ఆ చిక్కు ఎలా చేరిందో కూడా చూడండి. ఆయనా మేఘనాథ్ సాహా కలిసి ఐన్‌స్టీన్ సాపేక్షతా వ్యాసాలను ఇంగ్లిష్‌లోకి అనువదించారు. కలకత్తా విశ్వవిద్యాలయం దాన్ని 1920లో అచ్చు వేసింది. 1924లో సాహా ఢాకా వచ్చినప్పుడు, ఈ సమస్య మీద పౌలీ, ఐన్‌స్టీన్ రాసిన తాజా వ్యాసాల సంగతి బోస్‌కు చెప్పాడు. ఒక అనువాదం, ఒక విశ్వవిద్యాలయ ప్రెస్, ఒక స్నేహితుడి రాక. ఇవి లేకపోతే అంతటి ప్రతిభ కూడా ఆ చిక్కు ఎక్కడుందో వెతుక్కోవడంలోనే అయిపోయేదేమో.

గౌరవం వేరు, విధేయత వేరు

మీకు ఒక అభ్యంతరం రావచ్చు. ముందువాళ్ల మీద ఆధారపడమంటే పెద్దల మాట జవదాటకు అనడమే కదా? కాదు. దీనికి మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ సాక్ష్యం.

శ్వేత కుబ్జ తారల చిక్కును ముందు చూపినవాడు ఆర్థర్ ఎడింగ్టన్. 1919 సూర్యగ్రహణంలో కాంతి వంపును కొలిచి ఐన్‌స్టీన్‌ను ప్రపంచానికి పరిచయం చేసిన మనిషే. 1926లో ఫౌలర్ క్వాంటం గణాంకాలతో ఆ చిక్కును విప్పాడు. ఫౌలర్ మిగిల్చింది ఒకటే. తార బరువు పెరిగేకొద్దీ లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి దగ్గరవుతుంది, అప్పుడు సాపేక్షత లెక్కలోకి రావాలి. 1930లో 19 ఏళ్ల చంద్రశేఖర్ ఇంగ్లండ్ వెళ్లే ఓడలో ఆ లెక్క మొదలుపెట్టాడు. ఫలితం, శ్వేత కుబ్జ తార బరువుకు ఒక హద్దు ఉంది. నేటి లెక్కలో అది సూర్యుడి బరువుకు సుమారు 1.4 రెట్లు.

1935 జనవరి 11న లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో ఎడింగ్టన్ లేచి అందరి ముందూ ఈ ఫలితాన్ని కొట్టిపారేశాడు. చంద్రశేఖర్ ఆయన్ను గౌరవించడం మానలేదు, లెక్కను వెనక్కి తీసుకోనూ లేదు. పుస్తకంగా రాసి, వేరే సమస్య వైపు సాగిపోయాడు. నోబెల్ 1983లో వచ్చింది. పెద్దవాళ్ల ప్రశ్నను తీసుకున్నవాడు కొన్నిసార్లు అదే పెద్దవాళ్ల జవాబుకు ఎదురు నిలవాల్సి వస్తుంది. అది కృతఘ్నత కాదు.

మన విధానాలకు దీంతో పనేమిటి

మన దేశం పరిశోధన, అభివృద్ధి మీద ఖర్చు పెడుతున్నది 2020-21 లెక్క ప్రకారం జీడీపీలో 0.64 శాతం. దక్షిణ కొరియా 4 శాతం పైనే పెడుతోంది. ఈ పోలిక మీరంతా నోట్స్‌లో రాసుకున్నదే. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు లక్ష్యంగా పెట్టుకుంది. 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' మూడేళ్లకు 6,000 కోట్లతో 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నళ్లను విద్యార్థుల ముందుకు తెస్తోంది.

రెండో పథకాన్ని మనం జవాబుల్లో ఒక బుల్లెట్ పాయింట్‌గా రాసి వదిలేస్తాం. నా దృష్టిలో అది అంతకంటే పెద్దది. బోస్‌కు సాహా నోటి మాటగా అందిన సమాచారం ఈరోజు అనంతపురంలోని ఒక ప్రభుత్వ కాలేజీ విద్యార్థికి ఫోన్‌లో అందాలన్నదే దాని సారాంశం. అయితే అది ప్రభుత్వ విద్యాసంస్థలకూ కేంద్ర పరిశోధన సంస్థలకూ పరిమితంగా మొదలైంది. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ఉన్నది ప్రైవేటు కాలేజీల్లో. వాళ్లు గేటు బయటే ఉన్నారు. ఈ విమర్శ లేకుండా పథకాన్ని పొగిడితే జవాబు సగమే.

డబ్బుతో తీరని లోటు ఇంకొకటి ఉంది. మన పాఠ్యపుస్తకాలు జవాబులు ఇస్తాయి, మిగులు ఇవ్వవు. కెప్లర్ నియమాలు మూడు లైన్లలో ఉంటాయి, ఆ 8 నిమిషాలు ఎక్కడా ఉండవు. ఇంజినీరింగ్ ల్యాబ్‌లో రీడింగ్ సరిపోకపోతే ఏం చేస్తారో అక్కడ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. రావాల్సిన విలువ ముందే తెలుసు కాబట్టి అంకెను దానికి తగ్గట్టు సర్దేస్తారు. రికార్డుకు పూర్తి మార్కులు పడతాయి. టైకో ఆ పని చేసి ఉంటే కెప్లర్ లేడు. తేడా వచ్చిన రీడింగ్‌ను ఉన్నదున్నట్టు రాసి, ఎందుకు వచ్చిందో రెండు వాక్యాలు రాసినవాళ్లకు మార్కులిచ్చే ల్యాబ్ కావాలి. దానికి కోట్లు అక్కర్లేదు.

పరీక్ష హాల్లో, ఆ తర్వాత

ఈసారి ఇలాంటి టాపిక్ వస్తే పది పేర్లు రాయకండి. ఒక్క గొలుసు తీసుకోండి. ప్రతి లింకు దగ్గరా మూడు ప్రశ్నలకు జవాబివ్వండి. ముందువాళ్లు ఏం తేల్చారు? ఏం మిగిల్చారు? ఆ మిగులు తర్వాతివాళ్లకు ఎలా చేరింది? మూడో ప్రశ్న దగ్గర విద్య, ఆర్థికం, పాలన అన్నీ వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి.

ఈ పద్ధతి సర్వీసులోకి వెళ్లాక కూడా పనికొస్తుంది. ఏ కుర్చీలో కూర్చున్నా ముందు అధికారి తేల్చని ఫైళ్లు టేబుల్ మీద ఉంటాయి. తేడా చూపించే అంకెను సర్దేయమని పైనుంచి మాట కూడా రావచ్చు. అప్పుడు దాన్ని ఉన్నదున్నట్టు రాసి తర్వాతివాళ్లకు అందించడం చిన్న పని కాదు.

గొలుసు ఇంకా ఆగలేదు కూడా. 1970లలో వెరా రూబిన్, ఆమె సహచరులు గెలాక్సీల అంచుల్లోని తారలు, వాయువు కనిపించే పదార్థానికి తగినదానికంటే వేగంగా తిరుగుతున్నాయని కొలిచి చూపించారు. కనిపించని పదార్థం ఉందని ఎక్కువమంది అంటున్నారు. గురుత్వ నియమాన్నే మార్చాలని కొందరు అంటున్నారు. మొదటిది నెప్ట్యూన్ దారి, రెండోది బుధుడి దారి. రెండూ చరిత్రలో ఒక్కోసారి గెలిచినవే. ఈసారి ఏది గెలుస్తుందో ఇంకా తేలలేదు. లెక్క మాత్రం అందరికీ కనపడేలా రాసి ఉంది, ఎవరైనా తీసుకోవచ్చు.